ఫీజు పెరిగితే చదువు పెరుగుతుందా?

నెల్లూరులో మైపాడు గేటు దాటి తూర్పుకు తిరిగితే, ఇందుకూరుపేట మీదుగా సముద్రం దాకా పొద్దున్నే ఎదురయ్యేవి పసుపు రంగు స్కూలు బస్సులు. వలల మీద, రొయ్యల గుంటల మీద, కూలి మీద బతికే ఇళ్ల పిలకాయలు వాటిలో టౌనుకు పోతుంటారు. తాము పడ్డ కష్టం బిడ్డ పడకూడదనుకునే తల్లిదండ్రులను వేలెత్తి చూపే హక్కు ఎవరికీ లేదు. నా కోపం వాళ్ల ఆశ మీద కాదు, ఆ ఆశను పట్టుకుని వేళ్లూనిన కొన్ని నమ్మకాల మీద. ఎవరి బిడ్డ ఏ స్కూలు, ఫీజు ఎంత, క్లాసులో ఏసీ ఉందా అన్నవి ఇప్పుడు ఊళ్లో హోదాకు కొలతలైపోయాయి. అప్పు చేసి మరీ పోటీ పడుతున్నారు.

అపోహ: ఫీజు ఎక్కువైతే చదువూ ఎక్కువే.

ఈ మాటను మన దగ్గరే పరీక్షించి చూశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ఐదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. పిల్లల్ని ప్రైవేటు బడికి పంపాలని దరఖాస్తు పెట్టుకున్న కుటుంబాల మధ్య లాటరీ తీశారు. పేరు వచ్చిన పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు, పుస్తకాలు, యూనిఫాం ఖర్చు ఇచ్చారు. రాని పిల్లలు ఎక్కువగా సర్కారు బడిలోనే చదివారు. లాటరీ కాబట్టి రెండు వైపులా ఒకే రకం ఇళ్లు, ఒకే రకం ఆశ. అందుకే ఈ పోలికను నమ్మవచ్చు.

నాలుగేళ్ల తర్వాత పరీక్ష పెడితే తెలుగులో, లెక్కల్లో రెండు గుంపుల మధ్య తేడా కనిపించలేదు. ఇంగ్లీషులో, సైన్సు, సోషల్‌లో కూడా చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రైవేటు పిల్లలు స్పష్టంగా ముందున్నది ఒక్క హిందీలో. ప్రైవేటు బడులు తెలుగుకు, లెక్కలకు తక్కువ సమయం ఇచ్చి హిందీ కూడా చెప్పాయి మరి. ఈ ఫలితాలు 2015లో ఆర్థికశాస్త్రంలో పేరున్న పత్రికలో అచ్చయ్యాయి.

ఇందులో చాలామంది వదిలేసే సగం ఇంకొకటి ఉంది. ఆ ప్రైవేటు బడులు ఒక్కో పిల్లవాడి మీద పెట్టిన ఖర్చు సర్కారు బడి పెట్టిన ఖర్చులో మూడో వంతు కూడా లేదు. అంటే మూడింతలు ఖర్చు పెట్టిన ప్రభుత్వమూ అదనంగా సాధించింది లేదు, ఫీజు కట్టి బడి మారినందువల్ల చదువులో వచ్చిన లాభమూ పెద్దగా లేదు. ఖర్చు పెరిగినంత మాత్రాన చదువు పెరగదని రెండు వైపుల నుంచీ తేలింది.

అవి పల్లెల్లోని చిన్న ప్రైవేటు బడులు కదా, ఇప్పటి టౌను క్యాంపసులు వేరు కదా అని ఎవరైనా అడగవచ్చు. సరైన ప్రశ్నే. అయితే ఆ క్యాంపసులు బాగా చెబుతాయనడానికి అంత నికార్సైన రుజువు వాళ్లు చూపించాలి. ర్యాంకుల ఫ్లెక్సీ రుజువు కాదు. దాని మీద గెలిచిన ముఖాలే ఉంటాయి. అంతే ఫీజు కట్టిన మిగతా పిల్లలంతా ఏమయ్యారో ఉండదు.

అపోహ: ఏసీ గదులు, డిజిటల్ బోర్డు, స్విమ్మింగ్ పూల్ ఉంటేనే మంచి స్కూలు.

2009 విద్యాహక్కు చట్టం చివర, బడికి తప్పనిసరిగా ఉండాల్సినవాటి పట్టిక ఉంది. ప్రాథమిక స్థాయిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 90 మంది దాకా ముగ్గురు. టీచరుకో తరగతి గది, ఆడపిల్లలకు, మగపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు, ఆటస్థలం, లైబ్రరీ, ప్రహరీ గోడ. ఏడాదికి ఒకటి నుంచి ఐదు తరగతులకు 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిదికి 220. ఏసీ ఊసు అందులో లేదు. అడ్మిషన్ రోజున పూల్ చూపించే స్కూలును ఈ పట్టికలో ఉన్నవి చూపించమనండి. లైబ్రరీ తాళం తీయించి, పుస్తకాల అంచులు నలిగాయో లేదో చూడండి. మూడో తరగతి లెక్కల నోటుబుక్కు ఒకటి తెప్పించి, టీచరు దిద్దిన గుర్తులున్నాయో లేదో చూడండి. ఆ టీచరు ఈ బడిలో ఎన్నేళ్ల నుంచి ఉన్నారో అడగండి. ఏటా టీచర్లు మారిపోయే బడిలో గోడలు ఎంత తళతళలాడినా మీ పాపకు ఏది అర్థం కావడం లేదో తెలిసిన మనిషి ఉండరు.

1994 జనవరి 1న వచ్చిన జీవో నంబరు 1 ప్రకారం ప్రైవేటు బడి ఆదాయంలో సగం సిబ్బంది జీతాలకు పోవాలి. యాజమాన్యం తీసుకోదగింది 5 శాతం. మీ స్కూల్లో టీచరమ్మ జీతం ఎంతో ఆరా తీస్తే, మీ ఫీజు ఎటు పోతోందో మీకే తెలుస్తుంది.

మన రాష్ట్రంలోనే జరిగిన మరో అధ్యయనం 2013లో అచ్చయింది. బడులకు పిల్లల నోటుబుక్కులు, బోధన సామగ్రి కోసం చిన్న గ్రాంటు ఇచ్చారు. మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాది పెరగలేదు. బడి ఇస్తుందని ముందే తెలియడంతో ఇంట్లోవాళ్లు తమ ఖర్చు తగ్గించుకున్నారు, లెక్క మళ్లీ మొదటికొచ్చింది. అందులో నాకు ముఖ్యంగా తోచింది ఒకటే. పిల్లవాడి చేతిలో పడే పుస్తకం, నోటుబుక్కు, పెన్సిలు బడి కొన్నా ఇల్లు కొన్నా ఒకే పని చేస్తాయి. పూల్ కోసం కట్టే డబ్బులో కొద్ది భాగంతో ఇంట్లో ఒక అర నిండా కథల పుస్తకాలు పెట్టవచ్చు.

అపోహ: సర్కారు బడిలో కూర్చోవడానికి బల్ల కూడా ఉండదు.

ఇది పాత మాట. 2019 నవంబరు 14న మొదలైన ‘మన బడి నాడు–నేడు’ మొదటి విడతలోనే 15,715 బడులకు మరుగుదొడ్లు, బల్లలు, ఫ్యాన్లు, రంగులు వచ్చాయి. వెంకయ్య నాయుడు చదువుకున్న నెల్లూరు వీఆర్ హైస్కూలు కొత్త హంగులతో 2025లో మళ్లీ తెరుచుకుంది. సంతోషించాల్సిన విషయమే. అయినా పైన చెప్పిన ప్రశ్నలు ఇక్కడా అడగాలి. రంగు వేసి టీచరును వేయకపోతే అది కూడా హంగే.

అపోహ: పల్లెలో బడి కంటే టౌను బడి మేలు, దూరమైతే ఏం?

6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్య నిపుణుల సంఘం 2016లో చెప్పింది. ఊరూరా ఆగుతూ పోయే బస్సులో గంట వెళ్లడం, గంట రావడం అయితే ఆ సమయాన్ని నిద్రలో నుంచో, ఆటలో నుంచో తీయాల్సిందే. టౌను బడి ఎంత మేలో లెక్కవేసేటప్పుడు ఈ రెండు గంటలూ అందులోంచి తీసేయాలి.

అపోహ: ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్చకపోతే వెనకబడతారు.

జేఈఈ మెయిన్ సిలబస్ 11, 12 తరగతులది. ఆరో తరగతి పిల్లవాడికి భిన్నాలు, దశాంశాలు గట్టిగా రావడమే అసలు పునాది. ఆ పని మామూలు లెక్కల పుస్తకమే చేస్తుంది.

అపోహ: ఎంట్రన్స్ పెట్టే స్కూలే గొప్పది, డొనేషన్ ఎలాగూ తప్పదు.

ఎనిమిదో తరగతి దాకా ఈ రెండూ నేరాలే. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం డొనేషన్ వసూలు చేస్తే దానికి పదింతల దాకా జరిమానా. చేర్చుకునేందుకు పిల్లలకో తల్లిదండ్రులకో పరీక్ష పెడితే మొదటిసారి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా. అదే చట్టం ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతి సీట్లలో 25 శాతం చుట్టుపక్కల ఉండే పేద, బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022–23 నుంచి అమలవుతోంది. అయితే దూరం చూస్తారు. తీరంలోని పిల్లలకు నెల్లూరు నడిబొడ్డున ఉన్న స్కూల్లో కాక దగ్గరి బడిలోనే ఈ సీటు దొరికే వీలు ఎక్కువ.

ఫీజులకు ప్రభుత్వం హద్దు పెట్టింది కదా అన్న ధీమా కూడా వద్దు. 2021 ఆగస్టులో జీవో 53 వచ్చిన మాట నిజం. పంచాయతీల్లో ఐదో తరగతి దాకా 10,000, పదో తరగతి దాకా 12,000 అన్నారు. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు దాన్ని కొట్టేసింది.

అపోహ: నలుగురితో సమానంగా ఖర్చు పెట్టకపోతే బిడ్డ చిన్నబుచ్చుకుంటాడు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఇదే. యూకేజీ పిల్లకు గ్రాడ్యుయేషన్ గౌను. పుట్టినరోజున క్లాసంతటికీ గిఫ్టులు, పోయినేడాది పక్కవాళ్లు ఇచ్చినదాని కన్నా ఒక మెట్టు పైన. వార్షికోత్సవంలో మూడు నిమిషాల డాన్సుకు అద్దె డ్రెస్సు. రాత్రి పదింటిదాకా అమ్మా నాన్నా కూర్చుని చేసే థర్మాకోల్ ప్రాజెక్టు, దానికి పిల్లవాడి పేరు. వాట్సాప్ స్టేటస్‌లో మార్కుల కార్డు. ఇవేవీ ఐదేళ్ల పిల్ల అడిగినవి కావు. పెద్దవాళ్లు ఒకరినొకరు చూసి పెంచుకున్నవి. పిల్లలు చిన్నబుచ్చుకునేది బహుమతి చిన్నదైనందుకు కన్నా, ఇంట్లో తమను ఎవరితోనో పోల్చినందుకు.

తీరంలో ఈ పోటీకి ఇంకో ధర కూడా ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం. బడులు తెరిచేది జూన్ 12న. మర పడవలు 61 రోజులు ఒడ్డున ఉండి, చేతిలో రూపాయి ఆడని ఆ రోజుల్లోనే మొదటి కంతు ఫీజు, పుస్తకాలు, బూట్లు, బస్సు డబ్బు అన్నీ ఒక్కసారి మీద పడతాయి. ఆ సందులోకే వడ్డీ వ్యాపారి వస్తాడు. నూటికి 3 రూపాయల వడ్డీకి 50,000 తెస్తే నెలకు 1,500, ఏడాదికి 18,000. వేట నిషేధ కాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో 20,000కు పెంచారు. దాదాపు ఆ మొత్తమంతా ఈ వడ్డీకే సరిపోతుంది, అసలు అలాగే ఉంటుంది. గుంటల మీద బతికేవాళ్ల సంగతీ నిలకడైనది కాదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి ఎగబాకినప్పుడు మన రొయ్యల రైతులు ఎంత కంగారు పడ్డారో అందరూ చూశారు. ఏ ఏటికాయేడు మారిపోయే ఆదాయం మీద ఏటా పెరిగే ఫీజును పదేళ్లపాటు మోయాలంటే, ఇంట్లో ఒక్క జబ్బు చాలు అంతా తలకిందులు కావడానికి. అప్పుడు ఏడో తరగతిలోనో ఎనిమిదిలోనో పిల్లను మధ్యలో మాన్పించి ఇంకో బడికి మార్చాల్సి వస్తుంది. మొదటే తాహతుకు తగ్గ బడి ఎంచుకుంటే ఆ పిల్లకు స్నేహితులూ టీచర్లూ ఒక్కసారిగా మారిపోయే బాధ ఉండేది కాదు.

ప్రైవేటు బడిలోనే చదివించాలని నిర్ణయించుకున్న ఇళ్లవాళ్లు చేయదగ్గవి కొన్ని ఉన్నాయి. ఒక్కరే పోయి అడిగితే ఎవరూ వినరు. ఒకే బస్సులో పిల్లల్ని పంపే కుటుంబాలన్నీ కలిసి పేరెంట్స్ మీటింగులో అడగాలి. మొదటి కంతు గడువు జులై చివరికి మార్చమనాలి. ట్యూషన్ ఫీజు, బస్సు, పుస్తకాలు, వార్షికోత్సవం వేటికవి విడివిడిగా రాసిన కాగితం ఇమ్మనాలి. పుట్టినరోజు గిఫ్టులు, అద్దె డ్రెస్సులు వద్దని తల్లులే గ్రూపులో ఒక మాట మీద నిలబడితే, ఆ మాట కాదనే యాజమాన్యం అరుదు. కట్టిన ప్రతి పైసాకీ రసీదు తీసుకుని దాచుకోండి. డొనేషన్ అడిగితే మండల విద్యాశాఖాధికారికి రాసిచ్చే ఫిర్యాదుకు అదే ఆధారం.