ఆటగాళ్ళు లేని జట్టు

మా అమ్మాయి కాపురం ఇంగ్లండులో, సెవెర్న్ నది ఒడ్డునున్న వుస్టర్‌లో. రాతలో చూస్తే వర్సెస్టర్ అని చదవబుద్ధవుతుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను అలాగే చదివి బస్సు డ్రైవరు చేత రెండుసార్లు “ఏ ఊరు?” అనిపించుకున్నాను.

ఆ ప్రాంతం మనకి బొత్తిగా పరాయిదేమీ కాదు. మన కొఠారి కనకయ్య నాయుడుగారు 1932లో ఎడ్జ్‌బాస్టన్‌లో కొట్టిన ఒక సిక్సరు రియా అనే యేరు దాటి పడిందనీ, ఆ రోజుల్లో ఆ యేరే వార్విక్‌షైరుకీ వుస్టర్‌షైరుకీ సరిహద్దు కనక బంతి ఒక జిల్లాలో బయల్దేరి ఇంకో జిల్లాలో దిగిందనీ క్రికెట్ ప్రియులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ కథ చెప్పే పక్కింటి పెద్దమనిషితో స్నేహం కట్టాను. ఆయన విని నవ్వి, “క్రికెట్ సరే, రగ్బీ చూశారా?” అన్నారు.

అలా 2022 సెప్టెంబరు 24న ఆయన వెంటా, పదకొండేళ్ళ ఆయన మనవడి వెంటా సిక్స్‌వేస్ మైదానానికి వెళ్ళాను. మా ఆవిడ రానంది. “పదిహేనుమంది పదిహేనుమందిని కుమ్ముతూంటే చూడ్డానికి టిక్కెట్టు కూడానా?” అని ఆవిడ ప్రశ్న.

చెడుగుడు ఎరిగినవాడికి రగ్బీ అర్థం కాకపోదు. పట్టుకోవడం, పడెయ్యడం, విదిలించుకుని గీత దాటడం, అన్నీ మనకి తెలిసినవే. చిత్రమల్లా బంతి విషయంలోనే. దాన్ని మోసుకుంటూ ముందుకి పరుగెత్తవచ్చు, కాలితో ముందుకి తన్నవచ్చు, చేత్తో మాత్రం వెనక్కే అందించాలి. ఇది తలకెక్కేసరికి మొదటి సగం అయిపోయింది.

ఆ రోజు జనం ముఖాల్లో మాత్రం ఆట లేదు. వుస్టర్ వారియర్స్ క్లబ్బులో జీతాలు వేళకి అందడం లేదు. పన్నుల శాఖ బాకీ కోసం కోర్టుకెక్కింది. సోమవారం సాయంత్రంలోగా డబ్బు చూపించకపోతే పోటీల్లోంచి తప్పిస్తామని రగ్బీ సంఘం గడువు పెట్టింది. అయినా కుర్రాళ్ళు న్యూకాసిల్ జట్టు మీద 39–5తో గెలిచారు. గెలిచి ఏడ్చిన జట్టుని నేను అదే చూడటం.

పక్కింటాయన ఏడవలేదు. కారులో కూర్చున్నాక తాళం తిప్పడం మరిచిపోయారు, అంతే. ఆయన బాయిలర్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. ఆ ఊరి బాయిలర్ల వ్యాపారి సెసిల్ డక్‌వర్త్ 1990ల చివరినుంచీ ఈ జట్టు మీద డబ్బు ధారపోసి, 2004లో దాన్ని మొదటి శ్రేణికి ఎక్కించారు. ఆ పెద్దాయన 2020లో పోయారు. 2022 మే నెలలోనే ఈ జట్టు ప్రీమియర్‌షిప్ రగ్బీ కప్పు కూడా గెలుచుకుంది. మేలో కప్పు, అక్టోబరులో తాళం!

సోమవారం గడువు దాటింది. జట్టుని సస్పెండు చేశారు. అక్టోబరు 5న కోర్టు ఉత్తర్వుతో ఆటగాళ్ళ ఒప్పందాలన్నీ ఒక్కపూటలో రద్దయిపోయాయి. కెప్టెన్ టెడ్ హిల్, ఆలీ లారెన్స్ బాత్ జట్టుకి వెళ్ళారు. ఇరవై ఏళ్ళ ఫిన్ స్మిత్ నార్తాంప్టన్ చేరాడు. మిగిలినవాళ్ళు ఎక్కడ పిలుపొస్తే అక్కడికి. అందరికీ పిలుపు రాలేదు. రగ్బీలో జీతాలు ఒప్పుకున్నదే 1995లో. ఆటనే నమ్ముకుని ఇంటి అప్పులు చేసిన మొదటి తరాలివి. సీజను మొదలయ్యాక తక్కిన జట్ల ఖజానాలో ఏం మిగులుతుంది?

నేను తిరిగి వుస్టర్ వెళ్ళింది 2025 వేసవిలో. ఈసారి పక్కింటాయన వంటింటి గోడమీద ఒక పెద్ద కాగితం అంటించి ఉంది. పేర్లు, వాటికి ఎదురుగా స్థానాలు, అక్కడక్కడా పెన్సిలు గీతలు. మూడేళ్ళ తరువాత, కొత్త యాజమాన్యం కింద, వారియర్స్ జట్టు రెండో శ్రేణిలో మళ్ళీ ఆడబోతోంది. వాళ్ళకి మైదానం ఉంది, పేరు ఉంది, మాట్ ఎవరార్డ్ అనే శిక్షకుడు ఉన్నాడు. ఆటగాళ్ళే లేరు. మామూలు జట్టయితే ఏటా వేసవిలో పదిమంది పోతారు, పదిమంది వస్తారు. ఇక్కడ మొత్తం జట్టుని ఒకటో నంబరు నుంచీ కూర్చాలి.

“పదిహేనుమందేగా?” అన్నాను తేలిగ్గా.

ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి టీ పోశారు. పాఠం పెద్దదని అప్పుడే గ్రహించవలసింది.

మైదానంలో పదిహేనుమంది, బయట మరో ఎనిమిదిమంది, వెరసి ఆట రోజుకి ఇరవైముగ్గురు. అందులో స్క్రమ్‌లో ముందు వరసన తలలు పెట్టి తోసే ముగ్గురి సంగతి వేరు. వాళ్ళ మెడల మీద ఎనిమిదిమంది బరువు పడుతుంది. ఆ పని నేర్వనివాణ్ణి అక్కడ నిలబెడితే మెడ విరుగుతుంది కనక, తర్ఫీదైనవాళ్ళు లేకపోతే స్క్రమ్‌లో తోపులాటే వద్దంటాడు రెఫరీ. అందుకని ముందు వరసకే ఆరుగురు ప్రతి ఆటకీ ఉండి తీరాలి. వాళ్ళలో ఒకరికి మోకాలు, ఒకరికి భుజం పట్టేస్తాయి. తలకి దెబ్బ తగిలినవాడు డాక్టరు సరేనన్నదాకా రాకూడదు. లెక్క వేస్తే ఈ ముగ్గురి పనికే డజనుమంది తేలతారు. మొత్తం మీద నలభై దాకా కావాలి.

కుడిపక్క ముందు నిలిచే లావుపాటి ప్రాప్ దొరకడం అన్నిటికన్నా కష్టమట. పరుగెత్తే కుర్రాళ్ళు ఏ ఊళ్ళోనైనా పుడతారు. ఇతను మాత్రం తయారవడానికి ఏళ్ళు పడుతుంది. మన పెళ్ళిళ్ళలో మంచి వంటవాణ్ణి నాలుగు నెలల ముందే మాట్లాడేసుకున్నట్టు, అలాంటివాణ్ణి పెద్ద జట్లు ముందే కట్టేసుకుంటాయి. సాధారణంగా ఒప్పందాలు జూన్‌తో ముగుస్తాయి గాని, బేరాలు చలికాలంలోనే తెమిలిపోతాయి. మొదటి శ్రేణి జట్లకి జీతాల మీద 64 లక్షల పౌన్ల పరిమితి ఉంది. రెండో శ్రేణి జట్టుకి అంత డబ్బు కల్లో మాట. మరి వీళ్ళకి మిగిలేదెవరు? పెద్ద జట్లలో చోటు దొరకని కుర్రాళ్ళు, చివరి రెండేళ్ళు ఆడదామనుకునే అనుభవజ్ఞులు, అరువు మీద వచ్చేవాళ్ళు. పూర్వం ఇదే జట్టుకి ఆడిన మాట్ క్వెసిక్ తిరిగి వచ్చాడని చెప్పినప్పుడు ఆయన గొంతు మారింది. అతని పేరు కింద రెండు గీతలున్నాయి.

“నాకు గెలుపు అక్కర్లేదు. డిసెంబరుకి వీళ్ళు ఒకరి చేతులొకరు ఎరిగితే చాలు,” అన్నారు. వెనక ఎవడున్నాడో చూడకుండానే బంతి వదలాలి. ఆ నమ్మకం ఒక్క వేసవిలో నలభై మంది కొత్తవాళ్ళకి ఎలా వస్తుంది?

నేనూ ఊరుకోలేక, ఆ జూన్‌లోనే మన దేశంలో రగ్బీ ప్రీమియర్ లీగు మొదలైందనీ, అందులో హైదరాబాద్ హీరోస్ అని ఒక జట్టుందనీ చెప్పాను. ఆయన సంతోషించి వివరాలడిగారు. వాళ్ళు ఏడుగురు చొప్పున ఆడతారన్నది తప్ప నాకేమీ రాదు. మాట మార్చాను.

అసలు చిక్కు మనవడితో వచ్చింది. వాడిప్పుడు పధ్నాలుగేళ్ళవాడు, తాతని మించి పొడుగెదిగాడు. ఒంటి మీద నార్తాంప్టన్ చొక్కా. ఫిన్ స్మిత్ ఎక్కడుంటే వాడి మనసూ అక్కడే. 2024 ఫైనల్లో నార్తాంప్టన్ బాత్‌ని 25–21తో గెలిచినప్పుడు అటు ఫిన్ స్మిత్, ఇటు లారెన్స్. “రెండు వైపులా మన పిల్లలే,” అని తాత అంటే, “మన వాళ్ళెలా అవుతారు తాతా, మనకి జట్టే లేదుగా,” అన్నాడట వీడు. ఆ మాట ఆయన నాకు మూడుసార్లు చెప్పారు.

ఆ సాయంత్రం కుర్రాడు వంటింట్లోకొచ్చి, కాగితం ముందు నిలబడి రొట్టె తింటూ పేర్లు చదివాడు.

“పది నంబరు ఎవరు?”

ఫిన్ స్మిత్ స్థానం అది. తాత లేచి వెళ్ళి రెండు పేర్లు చూపించారు. “వీళ్ళలో ఒకరు.”

“వీళ్ళ పేర్లే నేను వినలేదు.”

“2022కి ముందు ఫిన్ స్మిత్ పేరు మాత్రం ఎందరు విన్నారురా?”

వాడు జవాబు చెప్పలేదు, వెళ్ళిపోనూలేదు. రెండో రొట్టె ముక్క అక్కడే నిలబడి తిన్నాడు.

సీజను మొదలయ్యేలోపే మా తిరుగు ప్రయాణం. మొదటి ఆటకి తాత రెండు టిక్కెట్లు కొన్నారని తెలుసు. ఆ వారం అమ్మాయి ఫోను చేస్తే, క్షేమసమాచారాలన్నీ అయ్యేదాకా ఓపిక పట్టి, మెల్లిగా అడిగాను.

“ఇద్దరూ కారెక్కడం చూశాను నాన్నా,” అంది.

“కుర్రాడు ఏ చొక్కా వేసుకున్నాడు?”

“వాన పడుతోంది. మెడదాకా కోటు బిగించుకున్నాడు, కనపడలేదు.”