యుకటాన్ నూతులు - గోదావరి నల్లరాళ్ళు

పాసిర్ రిస్‌లో మేముంటున్న బ్లాకు నుండి కొద్ది దూరం నడిస్తే సముద్రతీరం వస్తుంది. మలయ్ భాషలో 'పాసిర్' అంటే ఇసుక. ఆ ఇసుకలో నిలబడి చూస్తే జలసంధిలో పులావ్ ఉబిన్ దీవి కనబడుతుంది. ఒకప్పుడు సింగపూరు కట్టడాలకు గ్రానైటు రాయి అక్కడినుండి వచ్చేది. రాయి తీయగా మిగిలిన గోతులలో వాననీరు నిండి నేడవి పచ్చని మడుగులయ్యాయి. ఒక ఆదివారం మేము ఆ దీవికి వెళ్ళినప్పుడు మా అమ్మాయి అటువంటి మడుగొకటి చూసి, "నాన్నా, ఇది సెనోటేనా?" అని అడిగింది. ఆ వారమే దానికి పాఠశాలలో మెక్సికో దేశపు భూగోళంపై ఒక పటం తయారుచేయమన్నారు. "కాదమ్మలూ, ఇది మనుషులు తవ్వినది. సెనోటేను వాన తవ్వింది" అన్నాను.

అంతటితో జవాబు పూర్తి అయిందనుకున్నాను. కాని ఆ సాయంత్రం పటం ముందు కూర్చుని మెక్సికోలోని ఆ నూతుల వరుసను వెంబడించగా, అది మమ్మల్ని నేను పుట్టి పెరిగిన కొవ్వూరు పక్కనున్న నల్లరాతి క్వారీల దాకా తీసుకువచ్చింది.

ముందుగా ఆ దేశపు స్వరూపం. మెక్సికో విస్తీర్ణం సుమారు 19.6 లక్షల చదరపు కిలోమీటర్లు, అనగా భారతదేశంలో దాదాపు అరవై శాతం. కర్కటరేఖ మన దేశం మీదుగా పోయినట్లే ఆ దేశం మీదుగానూ పోతుంది. పసిఫిక్ తీరంలోని అకపుల్కో రేవు, మన రాజమహేంద్రవరం దాదాపు ఒకే అక్షాంశంపై ఉన్నాయి. తూర్పున ఒక సియెర్రా మాద్రే పర్వతశ్రేణి, పడమట మరొక సియెర్రా మాద్రే, నడుమ పీఠభూమి. తూర్పు కనుమలు, పడమటి కనుమలు, దక్కను చదివినవారికి ఈ చిత్రం కొత్తగా తోచదు. అయితే అక్కడి ఎత్తులు మనవాటికంటే చాల ఎక్కువ. పీఠభూమికి దక్షిణాన అగ్నిపర్వతాల వరుస ఒకటి దేశాన్ని అడ్డంగా దాటుతుంది. 5,636 మీటర్ల ఎత్తుగల ఒరిసాబా శిఖరం, నేటికీ పొగలు కక్కే పొపొకాటెపెట్ల్ ఈ వరుసలోనివే. 1943 ఫిబ్రవరిలో ఒక రైతు మొక్కజొన్న చేనులో నేల చీలి, పరికూటిన్ అనే కొత్త అగ్నిపర్వతమే పుట్టింది. అది 1952 వరకు మండి ఆరిపోయింది.

రాజధాని మెక్సికో నగరం సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున, ఎండగట్టిన సరస్సు అడుగున ఉన్నది. మెత్తని బంకమట్టి కింది నీటిని తోడుకోవడంవల్ల ఆ నగరంలో కొన్ని భాగాలు ఏటా నలభై, యాభై సెంటీమీటర్ల చొప్పున కుంగిపోతున్నాయి. 1985 సెప్టెంబరు భూకంపంలో అంత నష్టం జరగడానికి కూడ ఈ మట్టే ముఖ్యకారణం. మన వంటింటికి వన్నె తెచ్చిన మిరప, మొక్కజొన్న, బొప్పాయి, బతుకమ్మలో పేర్చే బంతిపూవు, ఇవన్నీ ఆ ప్రాంతాలనుండి సముద్రాలు దాటి వచ్చినవే. మిరపలోని కారపు రసాయనం గురించి వ్రాయాలని నాకున్నది గాని, అది మరొక సంచికకు.

ఇక యుకటాన్. మెక్సికోకు ఆగ్నేయ మూలన సముద్రంలోకి బొటనవేలులా చొచ్చుకుపోయిన ద్వీపకల్పమిది. నేలంతా సున్నపురాయి. దాని ఉత్తరభాగంలో చెప్పుకోదగిన నది ఒక్కటీ లేదు. పడిన వాన పడినట్లే రాతిలోకి ఇంకిపోతుంది. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని బలహీనమైన కార్బానిక్ ఆమ్లంగా మారి, సున్నపురాతిని మెల్లమెల్లగా కరిగిస్తుంది. మన ఇళ్ళలో నీళ్ళు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లని పొర ఇదే చర్యకు తిరుగుముఖం: కరిగిన సున్నపురాయి మళ్ళీ రాయి అవుతున్నదన్నమాట. బొర్రా గుహలనూ, మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న బెలూం గుహలనూ తొలిచినది ఈ రసాయనమే. యుకటాన్‌లో అటువంటి గుహల పైకప్పులు కూలి, అడుగున నీలినీరు కనిపించే గుండ్రని నూతులు వేల సంఖ్యలో ఏర్పడ్డాయి. వీటినే సెనోటేలంటారు. అక్కడి మాయా జాతివారి ఊళ్ళు చాలావరకు వీటిని నమ్ముకొని వెలసినవే. సుప్రసిద్ధమైన చిచెన్ ఇట్సా నగరం పేరుకు 'ఇట్సా జనుల నూతి ముంగిట' అని అర్థం.

మనకు కావలసిన విశేషం పటంలో ఉన్నది. ద్వీపకల్పపు వాయవ్య భాగంలో ఈ నూతులు చెల్లాచెదురుగా గాక, కంపాసుతో గీచినట్లు ఒక అర్ధవలయంగా వరుసతీరి ఉన్నాయి. వలయపు రెండు కొసలు సముద్రతీరాన్ని తాకుతాయి. కేంద్రం చిక్షులూబ్ అనే చిన్న రేవు దగ్గర ఉంటుంది. వాన తనంతట తాను వలయాలు గీయదు గదా!

ఆ వలయం కింద, సుమారు కిలోమీటరు మందం సున్నపురాతి అడుగున, 180 కిలోమీటర్ల వ్యాసంగల ఒక బిలం పూడి ఉన్నది. 6.6 కోట్ల సంవత్సరాల క్రితం పది కిలోమీటర్లకు పైబడిన ఒక గ్రహశకలం అక్కడ పడింది. బిలపు అంచున రాతిపొరలు పగిలి ఉండటంచేత భూగర్భజలం ఆ పగుళ్ళవెంట ప్రవహించి అక్కడే ఎక్కువగా రాతిని కరిగించింది. మెక్సికో ప్రభుత్వ చమురు సంస్థ పెమెక్స్ కొరకు పనిచేసిన గ్లెన్ పెన్‌ఫీల్డ్, ఆంటోనియో కమార్గో అనే ఇద్దరు 1981లోనే ఈ బిలం సంగతి ఒక సభలో చెప్పారు. చాలమంది పట్టించుకోలేదు. పదేళ్ళ తరువాత, 1991లో గాని ఆలన్ హిల్డెబ్రాండ్ బృందం ప్రచురించిన వ్యాసంతో అది లోకమంతటికీ తెలియలేదు.

దీనికి ముందరి అధ్యాయం 1980లో జరిగింది. ఇటలీలోని గుబ్బియో వద్ద సున్నపురాతి పొరల నడుమ ఉన్న ఒక సన్నని బంకమట్టి పొరలో ఇరిడియం అనే లోహం చుట్టుపక్కల రాతిలో కంటే సుమారు ముప్ఫై రెట్లు ఎక్కువగా ఉన్నట్లు నలుగురు పరిశోధకులు కనుగొన్నారు. భూమి ఉపరితలంలో ఇరిడియం బహు స్వల్పం. ఉల్కలలో అధికం. కాబట్టి అది ఆకాశంనుండి వచ్చి ఉండాలన్నారు. ఆ నలుగురిలో భౌతికశాస్త్రజ్ఞుడు లూయిస్ ఆల్వరేజ్ పేరు, ఆయన కుమారుడు వాల్టర్ పేరు అందరికీ తెలుసు. ఆ లోహాన్ని శతకోటిభాగాల లెక్కన తూచిన ఫ్రాంక్ అసారో, హెలెన్ మైకెల్ రసాయనశాస్త్రజ్ఞులు. వారి పేర్లు తరచు మరుగున పడుతుంటాయి. మా వృత్తివారి పక్షాన ఇక్కడ చెప్పుకుంటున్నాను.

గ్రహశకలం పడిన చోటు కూడ దురదృష్టకరమైనది. అక్కడి అడుగురాతిలో సున్నపురాయితో పాటు, జిప్సం వంటి గంధక లవణాలు దండిగా ఉండేవి. ఆ వేడికి అవి ఆవిరై, గంధకపు సూక్ష్మబిందువులుగా ఆకాశాన్ని కప్పి సూర్యరశ్మిని అడ్డుకున్నాయి. 2016లో శాస్త్రజ్ఞులు సముద్రంలో వేదిక కట్టి ఆ బిలంలోకి రంధ్రం తొలిచినప్పుడు, లోతులనుండి పైకి ఎగదన్నిన గ్రానైటు కనిపించింది గాని, ఉండవలసిన గంధక లవణాలు దాదాపు కనిపించలేదు. అవి ఎటు పోయాయో ఊహించవచ్చు. పచ్చని మొక్క ఆహారం చేసుకోలేకపోయింది. రాక్షసబల్లులతో సహా భూమిపై ఉన్న జీవజాతులలో సుమారు మూడువంతులు, అనగా నూటికి డెబ్బై అయిదు, నశించిపోయాయి.

కథ ఇంతటితో ముగిస్తే కొవ్వూరు ప్రసక్తి రాదు. అదే కాలంలో మన దక్కను కూడ మండుతున్నది. పశ్చిమ కనుమల ప్రాంతంలో నేల చీలి లావా పొరలు పొరలుగా పారింది. ఆ నల్లరాయి నేటికీ సుమారు అయిదు లక్షల చదరపు కిలోమీటర్లలో పరచుకొని ఉన్నది. ఆదిలాబాదు నల్లరేగడి దాని మట్టే. వికారాబాదు దగ్గర మూసీ పుట్టే అనంతగిరి కొండలు దాని అంచున ఉన్నవే. అంచు దాటితే హైదరాబాదు గ్రానైటు గుండ్లు మొదలవుతాయి. (హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అస్థిపంజరాన్ని చూసి పిల్లలు అది ఈ ఉత్పాతంలోనే చచ్చిందనుకుంటారు. యామన్‌పల్లిలో దొరికిన ఆ జంతువు దీనికి పదికోట్ల సంవత్సరాలకు పైగా ముందటిది.)

ఆ లావా క్షేత్రానికి తూర్పున కొన్ని వందల కిలోమీటర్ల దూరంలో, మధ్యలో ఎక్కడా జాడలేకుండా, హఠాత్తుగా గోదావరి ఒడ్డున అదే నల్లరాయి మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. రాజమహేంద్రవరం వైపు కాతేరు వద్ద, కొవ్వూరు వైపు పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు వద్ద. ఇది అక్కడే పుట్టిందా, లేక పారి వచ్చిందా అన్నది చాలకాలం నలిగిన ప్రశ్న. సమాధానానికి రసాయనశాస్త్రం తోడ్పడింది. రాతిలోని స్వల్పమూలకాల పాళ్ళు, స్ట్రాంషియం, నియోడిమియం ఐసోటోపుల నిష్పత్తులు ఆ రాతికి వేలిముద్రల వంటివి. గోదావరి రాళ్ళ వేలిముద్రలు పశ్చిమ కనుమలలోని అంబేనలి, మహాబలేశ్వరం శ్రేణుల వేలిముద్రలతో సరిపోయాయి. నాటి నదీలోయల వెంబడి లావా దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి బంగాళాఖాతం అంచుకు చేరిందని నేడు ఎక్కువమంది అంగీకరిస్తున్నారు. భూమిపై ఇంత దూరం పారిన లావా మరొకటి మనకు తెలియదు.

ఆ క్వారీలలో నల్లరాయి రెండు అంతస్తులుగా ఉంటుంది. రెండింటి నడుమ లేతవన్నె సున్నపుపొర. అది లావా ఆగిన కాలంలో సముద్రపు పాయలలో పేరుకున్న మట్టి. నత్తగుల్లలు, కంటికి కానరాని సూక్ష్మజీవుల గవ్వలు అందులో ఉన్నాయి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ భారతీయ సహచరులతో కలసి ఈ పొరను పరీక్షించి, మహావినాశనం జరిగిన వెంటనే పుట్టిన కొత్త జాతుల గవ్వలు అందులో ఉన్నాయని 2008లో ప్రకటించారు. అనగా కింది అంతస్తు నల్లరాయి వినాశనపు గడప దగ్గర ముగిసింది. ప్రపంచంలో లావాకు, వినాశనానికి ఉన్న సంబంధాన్ని సముద్రజీవుల సాక్ష్యంతో ఇంత సూటిగా చూపగల చోట్లు బహు కొద్ది.

ఈ సాక్ష్యాన్నిబట్టి కెల్లర్ గారు దోషమంతా దక్కను లావాదేనంటారు. నేటి శాస్త్రజ్ఞులలో అధికసంఖ్యాకులు చిక్షులూబ్ వైపే మొగ్గుతున్నారు; నా మొగ్గు కూడ అటే. 2019లో రెండు బృందాలు దక్కను రాళ్ళ వయస్సులను సూక్ష్మంగా లెక్కించి ఒకే పత్రికలో ప్రచురించాయి. లావాలో ఎక్కువభాగం వినాశనం తరువాతనే వెలువడిందని ఒక బృందం అన్నది. వినాశనానికి కొద్ది ముందుగానే ఒక పెద్ద ఉప్పెన వచ్చిందని రెండవ బృందం అన్నది. యుకటాన్‌లో తగిలిన దెబ్బకు భూగోళమంతా అదిరి దక్కను లావా మరింత ఉద్ధృతమైందేమోనని 2015లో బర్కిలీ శాస్త్రజ్ఞులు చేసిన ప్రతిపాదన కూడ ఇంకా వాదంలోనే ఉన్నది. ఈ వాదం తీరాలంటే రాయి కావాలి. యుకటాన్ రాయి కిలోమీటరు లోతున భద్రంగా ఉన్నది. గోదావరి రాయి పైననే ఉన్నది.

పైన ఉండటమే దానికి ముప్పయింది. నా చిన్నతనంలో పంగిడి వైపు లారీలు రోజంతా కంకర మోసేవి. మా వీధి రోడ్డు ఆ కంకరతో వేసినదే. పేలుళ్ళు లేకపోతే లోపలి పొరలు శాస్త్రజ్ఞులకు కనబడేవి కావన్నది నిజమే. కాని పై అంతస్తు రాయి తీసేటప్పుడు సున్నపుపొర పనికిరాని మట్టిగా పక్కకు తోయబడుతుంది. తిరుమల శిలాతోరణాన్ని, మంగంపేట బెరైటీసు నిక్షేపాన్ని భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ స్మారకాలుగా గుర్తించింది. కిందటిసారి నేను వెళ్ళిన క్వారీ దగ్గర మాత్రం అది ఏమిటో చెప్పే పలక ఒక్కటీ కనిపించలేదు. ఒక్క గోడనైనా పేల్చకుండా వదిలితే చాలు, అంతకంటే పెద్ద ఖర్చు లేదు.

మా అమ్మాయి పటంలో చిక్షులూబ్ దగ్గర ఎర్రచుక్క పెట్టి, అట్ట చాలక పక్కన మరొక కాగితం అతికించి, కొవ్వూరు దగ్గర నల్లచుక్క పెట్టింది. సెలవులకు ఇంటికి వెళ్ళే పాఠకులు గోదావరి వంతెన దాటి దేవరపల్లి వైపు వెళ్ళేటప్పుడు, క్వారీవారి అనుమతి తీసుకొని, పేలుళ్ళు లేని వేళ చూసి, గట్టుమీదినుండి ఎదుటి గోడను పరికించండి. కింద నలుపు, మీద నలుపు, నడుమ తెల్లని గీత. పిల్లలకు ఆ గీత చూపించండి.