ఐదు సెకన్లు ఆగమంటే ఆగదేం?

మేడ్చల్‌లో మా పీజీలో పదిమందికి ఒకటే బాత్రూమ్. లోపల ఒకడుంటే గడియ, బయట మిగతావాళ్లం క్యూ. ప్రోగ్రామ్‌లో మ్యూటెక్స్ అంటే ఆ గడియే. లోపలివాడు ఎంతకీ రాకపోతే? అందుకే టైమవుట్. ఐదు సెకన్లు చూసి వెనక్కి వచ్చేయాలి.

అన్ని సిస్టమ్స్‌లో నడిచే సీ లైబ్రరీకి ఇది రాసే పని నాకొచ్చింది. విండోస్‌లో ఈజీ, వెయిట్‌ఫర్‌సింగిల్‌ఆబ్జెక్ట్‌కి 5000 మిల్లీసెకన్లు ఇస్తే చాలు. లినక్స్‌లో పీథ్రెడ్ మ్యూటెక్స్ టైమ్‌డ్‌లాక్‌కీ అలాగే 5 సెకన్లు ఇచ్చేశా. టెస్టులన్నీ పాస్! శుక్రవారం రిలీజ్. శనివారం శామీర్‌పేట చెరువు దగ్గర ఫ్రెండ్స్‌తో ఉంటే ఫోన్: రికార్డులు మాయమవుతున్నాయట.

విషయం ఏంటంటే, లినక్స్ అడిగేది ‘ఎంతసేపు’ అని కాదు, ‘ఎప్పటిదాకా’ అని. దాని లెక్క 1970 జనవరి 1 నుంచి. నేనిచ్చిన గడువు ఆ రోజు ఐదో సెకనుకే అయిపోయింది, అప్పటికి నేను పుట్టనేలేదు! లాక్ ఖాళీగా ఉంటే గడువుతో పనే లేదు, అందుకే టెస్టుల్లో బయటపడలేదు. ఇంకో థ్రెడ్ చేతిలో ఉంటే మాత్రం క్షణం ఆగకుండా టైమవుట్. మా కోడేమో ఆ రికార్డుని వదిలేసేది.

ఇప్పటి టైమ్‌కి ఐదు కలిపి ఇచ్చాక కుదుటపడింది. మధ్యలో సిస్టమ్ గడియారం మారిస్తే అదీ తప్పుతుంది, అది వేరే తలనొప్పి. మ్యాక్‌లో ఆ ఫంక్షనే లేదు, కండిషన్ వేరియబుల్‌తో సొంతంగా కట్టుకున్నా.

ఇప్పుడు నా మొదటి టెస్టులో ఒక థ్రెడ్ లాక్ పట్టుకుని పది సెకన్లు కూర్చుంటుంది. రెండోది నిజంగా ఐదు సెకన్లు ఆగిందా లేదా అని కొలుస్తా.