నాణెం ఒకటే, ఫొటోకో రకంగా కనిపిస్తుందెందుకు?

కొత్తగూడెం ఒకప్పుడు నిజాం ఇలాకా. గోదావరి దాటితే భద్రాచలం, అది మద్రాసు ప్రెసిడెన్సీ. తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. నిజాం రూపాయి, అంటే హాలీ సిక్కా, చెలామణి పూర్తిగా పోయిందీ ఆ ఏడాదే. అందుకే ఈ వైపు పాత పెట్టెల్లో హాలీ సిక్కా అయిన చార్మినార్ రూపాయి, కల్దారు అనే జార్జి బొమ్మ బ్రిటిష్ రూపాయి పక్కపక్కనే దొరికితే ఆశ్చర్యం లేదు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు అప్పటి మారకం. దానికి కారణం వెండే. 1940కి ముందటి చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. అప్పటి కల్దారు 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. గుణించి చూడండి, లెక్క సరిపోతుంది.

ఇప్పుడు ఈ నాణేన్ని అమ్మితే వెండి ధర ఎలాగూ వస్తుంది. ఆపైన ఎంత పలుకుతుందన్నది నాణెం స్థితిని బట్టి. దాన్ని ఫొటో చూసి చెప్పొచ్చా? ఒక్క ఫొటో చూసి చెప్పలేం. నాలుగుంటే చాలావరకు చెప్పొచ్చు.

ఎందుకంటే నాణెం సగం అద్దం లాంటిది. అచ్చు పడ్డప్పుడు లోహం అంచుల వైపు ఒత్తుకుపోతూ కంటికి ఆనని సన్నగీతలు మిగులుస్తుంది. కొత్త నాణేన్ని దీపం కింద వంచితే వెలుగు చారలు గుండ్రంగా తిరిగేది వాటివల్లే. దాన్నే లస్టర్ అంటారు. చేతులు మారేకొద్దీ ముందు ఎత్తైన చోట్ల ఆ గీతలు అరుగుతాయి. చార్మినార్ రూపాయికైతే మినార్ల మీద, జార్జి రూపాయికైతే రాజు చెంప, కిరీటం మీద చూడాలి. అక్కడ నునుపుగా, బూడిదరంగుగా ఉంటే అరుగుదల. వివరం లేకున్నా లస్టర్ నిలిచి ఉంటే అచ్చే సరిగ్గా పడలేదన్నమాట. ఈ రెంటికీ ధరలో చాలా తేడా. ఆ తేడా చెప్పేది కదిలే వెలుగు. నిశ్చలమైన ఒక్క ఫొటోలో అది చిక్కదు.

ఎలా తీయాలి? ఫ్లాష్ ఆపేయండి. ఫోన్‌ను నాణెం మీదికి మరీ దించితే దాని నీడే పడుతుంది, గుండ్రం కూడా వంకరపోతుంది. జానెడు పైన పుస్తకాల దొంతర మీద ఆనించి, రెండింతల జూమ్ పెట్టి, టైమర్‌తో నొక్కండి. లెన్సు, నాణెం సమాంతరంగా ఉండాలి. కింద బూడిదరంగు కాగితం మేలు. నల్లగుడ్డ వేస్తే ఫోన్ చీకటనుకుని వెలుగు పెంచేస్తుంది, వెండి తెల్లగా మాడిపోతుంది. ట్యూబులైటు, పసుపు బల్బు కలపొద్దు. రంగు తప్పితే వెండి మీది సహజమైన నలుపు కూడా మరకలా కనిపిస్తుంది.

ముందు, వెనక ఒక్కో ఫొటో దీపం ఎత్తుగా పెట్టి తీయండి. అప్పుడు రంగు, లస్టర్ తెలుస్తాయి. తర్వాత దీపాన్ని పక్కకు దించి మళ్లీ తీయండి. సాయంత్రపు ఎండలో రోడ్డు గుంతలన్నీ బయటపడ్డట్టు ప్రతి గీతా నీడ వేస్తుంది. అమ్మేవాళ్లు ఈ రెండో జత పంపకపోతే అనుమానించాల్సిందే. చార్మినార్ గుమ్మంలోని అక్షరాన్ని దగ్గరగా మరో ఫొటో తీయండి: నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ నాణేలపై ‘అయిన్’, మహబూబ్ అలీ ఖాన్ నాణేలపై ‘మీమ్’. చివరగా నాణేన్ని అంచులు పట్టుకుని నెమ్మదిగా వంచుతూ పది సెకన్ల వీడియో తీస్తే, లస్టర్ ఉందో లేదో అదే చెప్పేస్తుంది.

ఫొటోకి ముందు తోమాలా? వద్దు. పూజ వెండిని తోమినట్టు చింతపండుతోనో, పళ్లపొడితోనో నాణేన్ని రుద్దితే మెరుపు వస్తుంది, లస్టర్ పోతుంది. పక్క వెలుగులో ఒకే దిశలో సాగే సన్నగీతలు ఆ సంగతి బయటపెడతాయి. కొత్తగూడెం లాంటి బొగ్గుగనుల ఊళ్లో దుమ్ము పడటం మామూలే. ఆ దుమ్మును గుడ్డతో తుడిచినా గీతలే. ఊది పారేయండి, అంతే.

ఎంత మంచి ఫొటో అయినా నకిలీని ఖాయంగా పట్టలేదు. అందుకే బరువు కూడా చూడాలి: గ్రాములో నూరో వంతు చూపే చిన్న కాటా మీద నాణెం పెట్టి ఆ అంకె కూడా ఫొటో తీయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది కాబట్టి అన్నింటినీ డాక్యుమెంట్‌గా పంపండి.