నకిలీ కాదు... నమ్మకమైన జోడీ!

‘నకిలీ’ అన్నమాట వింటేనే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి, మిరప రైతులు ఉలిక్కిపడతారు. విత్తనం మోసం చేస్తే ఏడాది కష్టం మట్టిపాలే. అదే ప్రాంతంలో 1990ల్లో, ఏ పెద్ద కంపెనీ పేరూ లేని ‘అసెంబుల్డ్’ కంప్యూటర్‌ను మాత్రం జనం ధైర్యంగా ఇంటికి తెచ్చుకున్నారు. ఒకచోట మదర్‌బోర్డు, ఇంకోచోట మానిటర్ కొని బిగించిన పెట్టె అది. అయినా ఐబీఎం పీసీ కోసం రాసిన సాఫ్ట్‌వేర్ అందులో చక్కగా నడిచింది. ఎలా?

1981 ఆగస్టులో ఐబీఎం తన పీసీని విడుదల చేసింది. ప్రాసెసర్ ఇంటెల్‌ది, డాస్ మైక్రోసాఫ్ట్‌ది. డబ్బు పెడితే ఎవరికైనా దొరికేవే. ఐబీఎం సొంతమంటూ ఉన్నది ‘బయాస్’. చిప్‌లో శాశ్వతంగా రాసిపెట్టిన 8 కిలోబైట్ల ప్రోగ్రాము. స్విచ్ వేయగానే మెషీన్‌ను నిద్రలేపేది, కీబోర్డునీ తెరనీ డిస్కునీ సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడించేది అదే. దీన్నే ఫర్మ్‌వేర్ అంటారు. చిత్రమేమంటే ఐబీఎం దాన్ని దాచలేదు. మాన్యువల్‌లో మొత్తం అచ్చేసింది! చదవొచ్చు, కాపీ కొడితే మాత్రం కేసే. 1984లో ఈగిల్, కరోనా కంపెనీలు అలాగే చిక్కుకుని, బయాస్ మార్చుకుంటామని రాజీపడ్డాయి.

అంతకుముందే కాంపాక్ ఓ ఉపాయం చేసింది. ఒక జట్టు ఐబీఎం బయాస్‌ను చదివి, అది ఏమేం చేస్తుందో మాత్రమే రాసిచ్చింది. అసలును కంటితో చూడని రెండో జట్టు కొత్త ప్రోగ్రాము రాసింది. పక్కింటి వంటగదిలోకి తొంగిచూడకుండా, రుచి ఎలా ఉండాలో విని అదే గోంగూర పచ్చడి నూరడమన్నమాట. రుచిలో వీసమెత్తు తేడా వచ్చినా కుదరదు. లోటస్ 1-2-3 నడిచి, ఫ్లైట్ సిమ్యులేటర్‌లో విమానం ఎగిరితేనే ఆ మెషీన్ పాసైనట్టు. కాంపాక్ పాసైంది. 1983లో, అమ్మకాల తొలి ఏడాదే, 11 కోట్ల డాలర్లు దాటింది.

కాంపాక్ తన బయాస్‌ను తానే ఉంచుకుంది. 1984లో ఫీనిక్స్ కంపెనీ మాత్రం ఇలాంటిదే రాయించి, అడిగినవాళ్లకల్లా అమ్మింది. ఇంటెల్ చిప్‌తో ఎన్నడూ పనిచేయని ప్రోగ్రామర్‌కే ఆ పని అప్పగించింది... కాపీ కొట్టాడని ఎవరూ అనకుండా! ఇక ఎవరైనా పీసీ బిగించొచ్చు.

పాత అసెంబుల్డ్ సిస్టమ్ వాడినవాళ్లకు, స్విచ్ వేయగానే నల్లటి తెరపై కనిపించే ‘అమెరికన్ మెగాట్రెండ్స్’ పేరు గుర్తుండే ఉంటుంది. అదీ బయాస్ కంపెనీయే. 1985లో అమెరికాలో దాన్ని స్థాపించిన ఇద్దరిలో ఒకరు మన దేశం నుంచి వెళ్లిన సుబ్రమణ్యన్ శంకర్. డిలీట్ మీట నొక్కితే తెరుచుకునే నీలం తెర ఆ చిప్‌లోదే.

ఐబీఎం సంగతంటారా? 2005లో పీసీల వ్యాపారాన్నే చైనాకు చెందిన లెనోవోకు అమ్మేసింది.