గుంతలో నల్లాకు నీళ్లెందుకొస్తాయి?

పాతబస్తీ గల్లీల్లో కొన్ని ఇళ్ల ముందు చిన్న గుంత కనబడుతుంది. ఆ గుంతలో నల్లా ఉంటుంది. ఆడవాళ్లు నడుం వంచి బిందె దించి నింపుకుంటారు. పైన ఉన్నప్పుడు చుక్క రాలని నల్లా, రెండడుగులు కిందికి దించితే ఎందుకు పారుతుంది?

ఒక పాత నూనె డబ్బా తీసుకోండి. మేకుతో పక్కన మూడు చిల్లులు పెట్టండి. పైన ఒకటి, నడుమ ఒకటి, అడుగున ఒకటి. నిండా నీళ్లు పోయండి. పై చిల్లి నుంచి నీళ్లు నీరసంగా కారతాయి. అడుగు చిల్లి నుంచి జోరుగా చిమ్ముతాయి. బియ్యం బస్తాలు పేర్చితే అన్నిటి బరువూ అడుగు బస్తా మీదే పడుతుంది కదా! నీళ్లూ అంతే. కాకపోతే బస్తా కిందికే నొక్కుతుంది, నీరు పక్కలకూ నొక్కుతుంది. దీన్నే ఒత్తిడి అంటారు.

లోతు ఒక మీటరు పెరిగితే, బొటనవేలి గోరంత చోటు మీద సుమారు 100 గ్రాముల బరువు పెరుగుతుంది. చార్మినార్ ఎత్తు సుమారు 56 మీటర్లు. అంత ఎత్తు గొట్టం నిండా నీళ్లుంటే, అడుగున గోరంత చోటు మీద అయిదున్నర కిలోలు! గొట్టం సన్నమైనా, పెద్ద హౌజంత వెడల్పున్నా ఒత్తిడి అంతే. నమ్మబుద్ధి కాదు గానీ నిజం.

అందుకే టాంకీలు ఎత్తున కడతారు. 1908లో మూసీ వరద వచ్చాక కట్టిన గండిపేట చెరువు 1920లో పూర్తయింది. అది నగరం కన్నా ఎత్తున ఉంది. అక్కడి నీళ్లు మోటారు లేకుండానే ఆసిఫ్‌నగర్ దాకా వచ్చాయి.

అందరూ ఒకేసారి నల్లాలు తిప్పితే పైపులో ఒత్తిడి తగ్గుతుంది. నీళ్లు పై నల్లా దాకా ఎక్కలేవు. గుంతలో నల్లాకు మాత్రం అందుతాయి. ఒకరు తవ్వితే పక్కింటికి నీళ్లు తగ్గుతాయి. వాళ్లూ తవ్వుతారు. ఇక నల్లా దగ్గర తగాదాలు! తవ్విన వాళ్లను తప్పు పట్టి లాభం లేదు. పైపులో ఒత్తిడి చాలితే గుంత ఎవరు తవ్వుతారు?

కానీ గుంతతో ఒక ప్రమాదం ఉంది. నీళ్లు వదిలినప్పుడు పైపు లోపలి నుంచి బయటికి నొక్కుతుంది. నీళ్లు ఆగిపోతే ఆ నొక్కుడు ఉండదు. అప్పుడు గుంతలో నిలిచిన మోరీ నీరు, తెరిచిన నల్లాలోంచి, పగుళ్లలోంచి లోపలికి పోతుంది. పైపుకు మోటారు పెడితే ఇంకా గుంజుతుంది. మర్నాడు అవే నీళ్లు బిందెలోకి వస్తాయి. వాంతులు, విరేచనాలు, కామెర్లు, టైఫాయిడ్ ఇలాగే అంటుకుంటాయి.

నీళ్లు ఆగగానే నల్లా గట్టిగా కట్టేయాలి. గుంత చుట్టూ గట్టు కట్టాలి. నిలిచిన నీరు ఎత్తిపోయాలి. మొదట వచ్చే నీళ్లు తాగడానికి పట్టొద్దు. తాగే నీళ్లు బాగా మరగనివ్వాలి. నీళ్లు వాసన వస్తే గల్లీ వాళ్లంతా కలిసి జలమండలి ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. అందులో ఇంటి నంబర్లు, తేదీ రాయాలి.