నిలువయున్న పాఠము

పాకాల యొక రైలు కూడలి. కాట్పాడి, తిరుపతి, ధర్మవరము వైపుల మార్గములు అచ్చట కలియును. బండి తప్పినవాడు మరియొక బండి వచ్చువఱకు వేచియుండవలెను. ఒకప్పుడు పాఠమును అట్టిదే. గంట మ్రోగిన పిమ్మట గురువు చెప్పిన మాట మరల వినరాదు.

2020 మార్చిలో కరోనా వ్యాధి కారణమున బడులు మూతపడినవి. ఆంధ్రప్రదేశమున పదవ తరగతివారికి దూరదర్శన్ సప్తగిరి పాఠములు ప్రసారము చేసెను. తెలంగాణమున ఆ సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ళు పాఠములను అందించినవి. ప్రసారపు పాఠము గూడ బండి వంటిదే, వేళకు అందుకొనవలెను.

ఈ కొఱతను యూట్యూబు వంటి వీడియో నిలయములు తీర్చినవి. 2005లో వెలసిన యూట్యూబున ఎవరైనను తమ దృశ్యములను భద్రపరుపవచ్చును. అవి దూరముననున్న పెద్ద కంప్యూటర్లలో నిలువయుండి, కోరినవారికి చిన్న చిన్న తునకలుగా ఇంటర్నెట్టు ద్వారా చేరును. విద్యార్థి తనకు బోధపడని చోట ఆపి, వెనుకకు త్రిప్పి, మరల వినవచ్చును. ఐ.ఐ.టి. ఆచార్యుల ఉపన్యాసములు సైతము ఈ విధముగా పల్లెలకు చేరుచున్నవి.

అయినను, ఎవరైనను పెట్టవచ్చును గనుక పెట్టినదెల్ల సత్యము కాదు. చెప్పినవారెవరో విచారింపవలెను. ఫోను లేని బాలునకు ఈ పాఠము, టిక్కెట్టు లేనివానికి రైలుబండి వంటిది. కంటియెదుట నున్నను ఎక్కరాదు. మఱియు నిలువయున్న పాఠము ఎన్నిమారులైనను చెప్పును గాని, “నాకు తెలియలేదు” అను మాటను వినలేదు. దానిని వినువాడు గురువే.